ఆరో ముఖం

ఫిబ్రవరి 3

మ్యూజియం మీటింగ్ నుంచి వచ్చి చాలాసేపయింది. అక్షరాలు ఇంకా వంకరగా పడుతున్నాయి. కోపంతోనే. వయసుతో కాదు.

చనిపోయిన మా అన్న చేసిన "ఏడు చూపులు"ను ఫ్లాట్ స్క్రీన్ల మీద చూపిస్తారట! ఏడు డబ్బా టీవీలు, వాటిలో ఏడుగురు గాజు ఫ్యాక్టరీ కార్మికుల ముఖాలు. కదలరు, మాట్లాడరు, మనల్నే చూస్తుంటారు. ఆ టీవీల పిక్చర్ ట్యూబులకు గాజు పోసింది ఆ కార్మికుల చేతులే. ఫ్యాక్టరీ మూతపడింది, ట్యూబు అనేది తయారవడమే ఆగిపోయింది, అయినా ఆ గాజులోంచి ఆ మనుషులు చూస్తూనే ఉన్నారు. అసలు సంగతంతా అదే. దాన్ని గోడకు అతికించిన పలక మీదికి ఎక్కిస్తే ఏం మిగులుతుంది? పాస్‌పోర్టు ఫొటోలు.

డైరెక్టర్ అంటాడు, "జనం చూసేది బొమ్మని సార్, డబ్బాని కాదు."

"మీ నాన్నగారు పోయాక ఆయన ఫొటోని కుర్చీలో కూర్చోబెట్టి అన్నం వడ్డించారా?" అన్నాను.

బల్ల చివర కూర్చున్న గ్లౌజులావిడ దగ్గింది. పాత కళాకృతులు పాడవకుండా చూడటం ఆవిడ ఉద్యోగం. చేతికి తెల్ల గ్లౌజులు లేకుండా ఎప్పుడూ కనబడదు. ఆ దగ్గు నవ్వేనని నా అనుమానం.

ఆవిడ చెప్పిన లెక్క ఇది. క్యాసెట్లు అరిగిపోయాయి, వాటిలోని బొమ్మను చిన్న డిజిటల్ పెట్టెలోకి ఎక్కించారు. దానికి నేను ఒప్పుకున్నాను. మొండివాణ్ణి కాను. ఏడింటిలో ఆరు ట్యూబులు పనిచేస్తున్నాయి. వరసలో ఆరోది మాత్రం అవసాన దశలో ఉంది. అదే కంపెనీ, అదే రకం ట్యూబు దొరికితే సరి. దొరక్కపోతే ప్రారంభోత్సవానికి ఏడూ ఫ్లాట్ స్క్రీన్లే.

ఆరో ముఖం బాబాయ్‌ది. సొంత బాబాయ్ కాదు, అంతకన్నా ఎక్కువ. సమ్మెలో గేటుకు అడ్డంగా పడుకున్న మనిషి. నేను మొదటి వ్యాసం రాసింది ఆయన మీదే.

"నేను తెస్తాను ట్యూబు" అని లేచి వచ్చేశాను.

ఫిబ్రవరి 4

అలాంటి ట్యూబు ఎవరి ఇంట్లో ఉందో గుర్తొచ్చింది. రాత్రంతా ఎందుకు తట్టలేదో! ఫ్యాక్టరీ మూసేటప్పుడు ఆ రకం టీవీలే ఇంటికొకటి పంచారు కదా.

ఫిబ్రవరి 6

గ్లౌజులావిడ వర్క్‌షాప్‌కు రమ్మంది. ఆరో టీవీ వీపు విప్పి, నగ్నంగా, బల్ల మీద ఉంది. ఆన్ చేసింది. బాబాయ్ ముఖం మసగ్గా వచ్చింది. దాని వెనక, ఒక వేలెడు పక్కకు, ఇంకో బాబాయ్. నాలుగు కళ్ళు.

"ఏళ్ళ తరబడి కదలని బొమ్మ పడితే గాజు లోపలి పూత అదే ఆకారంలో మాడిపోతుందండీ. మిగతా ఆరింటిలోనూ ఉంది. దీంట్లో మరీ ఎక్కువ" అంది. "నాకు తేలనిది ఒకటే. ఈ మచ్చ చెడిపోవడమా, లేక మీ అన్నగారి ఉద్దేశమా?"

"చెడిపోవడమే."

"ఆయన ఎప్పుడైనా అన్నారా?"

"అమ్మా, దీని మీద పుస్తకం రాసింది నేను."

"వాళ్ళావిడ గారున్నారు కదా. ఒకసారి అడిగితే..."

వదిన అన్నను వదిలేసి వెళ్ళిపోయింది. లెక్కల టీచరు. కళ గురించి లెక్కల టీచర్ను అడుగుతారట! ఆవిడకేం తెలుసు అన్నాను. గ్లౌజులావిడ ట్యూబు మార్చే అనుమతి కాగితం ముందుకు జరిపింది, అన్న పోయాక హక్కులు నావే కాబట్టి సంతకం పెట్టాను. తీసేసిన డబ్బాను స్టోరులో దాస్తానంది. అవసరం లేదన్నాను, దానికి వేరే ఉపయోగం ఉంది. ప్రజల వస్తువు ప్రజల దగ్గరికే వెళ్ళాలి.

ఫిబ్రవరి 9

పిన్ని ఇల్లు. బాబాయ్ భార్య. ఒక గది, అందులో ఒక మంచం, మంచానికి ఎదురుగా టీవీ. పలకరించబోతే చెయ్యెత్తి ఆగమంది. సీరియల్. ఇంతమంది పాఠకులున్నవాణ్ణి, సబ్బు ప్రకటన వచ్చేదాకా గుమ్మంలో నిలబడ్డాను.

"ఏంట్రా, దారి తప్పావా?"

"నీ కోసమే వచ్చాను పిన్నీ."

"నా కోసం ఎవరూ రారు గానీ, దేని కోసమో చెప్పు. మళ్ళీ మొదలైపోద్ది."

చెప్పాను. మ్యూజియం గురించి, చరిత్ర గురించి, లోకంలో ఇక ఎక్కడా తయారుకాని ఈ ట్యూబు గురించి. సబ్బు అయిపోయి టూత్‌పేస్టు వచ్చింది.

"నా టీవీ పట్టుకుపోతే నేనేం చూడాలి?"

"మ్యూజియంలోది నీకిస్తాం. అచ్చం ఇలాంటిదే. కాస్త మసక, అంతే."

"నాది బాగుంటే నాకు మసకదెందుకురా?"

"బాబాయ్ కోసం పిన్నీ."

"చచ్చాక కూడా ఆయనకి నేనే పెట్టాలా?"

నవ్వాను. ఆవిడ హాస్యం ఎప్పుడూ ఇంతే, ఉప్పు ఎక్కువ. సీరియల్ మొదలైంది గానీ ఆవిడ అటు తిరగలేదు. నన్నే చూస్తోంది. వంకర తిరిగిపోయిన ఎడమ మోచేతిని కుడిచేత్తో పట్టుకుని కూర్చుంది. "ఫ్యాక్టరీ మింగిన మోచెయ్యి" అని నా పుస్తకంలో ఒక అధ్యాయమే ఉంది, ఆవిడా అక్కడే పనిచేసింది కదా.

"రేపు యూనియన్ వాళ్ళు అడిగితే నేనేం చెప్పాలి పిన్నీ? సమ్మె నడిపిన మనిషి భార్య ఒక సీరియల్ కోసం ఆయన్ని మ్యూజియం గోడ మీదికి ఎక్కనివ్వలేదని చెప్పమంటావా?"

టీవీ అంచు మీది మందుసీసా తీసి మంచం మీద పెట్టుకుంది. తర్వాత, "వ్యాను పొద్దున పంపు. సాయంత్రం వద్దు, చూసుకోనివ్వు" అంది.

డైరెక్టర్ ఆవిడకు కొత్త ఫ్లాట్ టీవీ ఇప్పిస్తానన్నాడు మొన్న. నేనే వద్దన్నాను. బాబాయ్ ఇంట్లోకి వాళ్ళ భిక్ష వెళ్ళకూడదు. ఈ సంగతి పిన్నికి చెప్పలేదు. చెప్పక్కర్లేదు, ఆవిడా అదే అనేది.

ఫిబ్రవరి 10

వ్యాను వెళ్ళింది, డబ్బాలు మారాయి. గెలిచాను.

ఫిబ్రవరి 14

పిన్ని ఫోన్.

"ఒరేయ్. మీ బాబాయ్ వచ్చాడు."

ఒక్క క్షణం నిజంగానే భయపడ్డాను. పెద్ద వయసు, ఒంటరి మనిషి.

"టీవీలోరా. వార్తలు చదివే అమ్మాయి మీద ఆయన మీసం. సీరియల్లో పెళ్ళికూతురి చెంప మీద ఆయన కన్ను. ఏది పెట్టినా ఆయనే."

"అది చిన్న మచ్చ పిన్నీ. అలవాటైపోతుంది."

"అలవాటే. అదే కదా బాధ. తీసుకుపో."

వస్తానన్నాను.

ఫిబ్రవరి 17

వెళ్ళాను. టీవీ మీద పాత చీర కప్పి ఉంది. తీయబోతే "తియ్యకు" అంది. తీశాను.

నిజం చెప్పాలంటే కళ్ళు చెమర్చాయి. వంటల కార్యక్రమం నడుస్తోంది, ఎవరో నవ్వుతూ ఏదో కలుపుతున్నారు. ఆ నవ్వు వెనక నుంచి బాబాయ్. గేటు దగ్గర పోలీసుల్ని చూసిన అదే చూపు. మార్కెట్ చెత్తనంతా చీల్చుకుని కార్మికుడు చూస్తున్నాడు! అన్న బతికుంటే చూపించేవాణ్ణి. ఇదే మాట పిన్నితో అన్నాను, ఎంత అదృష్టవంతురాలివి అని.

పిన్ని మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుంది.

"ఆ చూపు నీకు గేటు దగ్గర తెలుసు. నాకు గొళ్ళెం దగ్గర తెలుసు."

"అంటే?"

"డ్యూటీ దిగి వచ్చి గొళ్ళెం పెట్టి ఇటు తిరిగేవాడు. అప్పుడు చూసేది ఇదే చూపు. ఇంకా చెప్పాలా? ఈ చెయ్యి చూసి పుస్తకం రాశావు కదా. చెయ్యిని అడిగావా ఏమైందని?"

"ఫ్యాక్టరీలో..."

"ఫ్యాక్టరీలో నా ఒంటి మీద గీత పడలా. గొళ్ళెం పెట్టిన తలుపుకీ గోడకీ మధ్య పడింది."

బయట ఎవరిదో స్కూటర్ స్టార్ట్ కాక దగ్గుతోంది. అదే వింటూ కూర్చున్నాం.

"కట్టేసి పెట్టుకో పిన్నీ, చూడకు" అన్నాను చివరికి.

"ఆపితే ఇంకా బాగా కనబడుతున్నాడు."

పాపం. మనసు మీద పడింది దెబ్బ. ఆపిన టీవీలో ఏం కనబడుతుంది? నా టీవీ నాకియ్యి అంది. ప్రారంభోత్సవం అయ్యాక చూద్దామన్నాను.

ఫిబ్రవరి 18

నిద్ర లేదు. ఆలోచించి రాస్తున్నాను, ఆవేశంతో కాదు.

ఒకటి, ఆవిడ చెప్పింది నిజమే కావచ్చు. పొయ్యి దగ్గర పన్నెండేసి గంటలు మనిషిని కాల్చే వ్యవస్థ ఆ మనిషి కోపాన్ని యజమాని దాకా పోనివ్వదు. అది కిందికే పారుతుంది, ఇంట్లోకే పారుతుంది. అంటే ఆ మోచేతిని విరిచింది అంతిమంగా ఎవరు? ఫ్యాక్టరీయే. కాబట్టి నా అధ్యాయంలో తప్పేమీ లేదు. ఇంకొంచెం దూరం నుంచి చూస్తే ఇంకా కరెక్టు.

రెండోది ఏదో అనుకున్నాను. ఇప్పుడు గుర్తు రావట్లేదు.

ఫిబ్రవరి 20

పిన్ని ఫోన్. ఎత్తలేదు. వ్యాసం పనిలో ఉన్నాను.

ఫిబ్రవరి 21

పిన్ని ఫోన్.

ఫిబ్రవరి 22

ఇవాళ చెయ్యలేదు. కుదుటపడినట్టుంది. నేను చెప్పలేదూ?

ఫిబ్రవరి 25

వదిన వచ్చింది. గ్లౌజులావిడ పిలిచిందట, నాతో ఒక్క మాట చెప్పకుండా. ప్రారంభోత్సవానికి ముందు మ్యూజియం లోపలివాళ్ళకు చూపించే రోజు.

జుట్టంతా తెల్లబడింది. చేతిసంచీ మాత్రం అదే రకం, పరీక్ష పేపర్లు పట్టేంతది. "ఏం మహానుభావా, ఇంకా తిడుతూనే ఉన్నావా లోకాన్ని? లోకం బాగుపడిందా?" అంది. బెంచీ మీద కూర్చుని ఏడు ముఖాల్నీ చూసింది. నేను మాట్లాడుతూనే ఉన్నాను, ట్యూబు గురించి, నా పోరాటం గురించి. సాయంత్రం మూసేవేళ గార్డు వచ్చి మెయిన్ స్విచ్ కట్టేశాడు. నేను తలుపు వైపు కదిలాను.

"ఆగు" అంది వదిన. "ఇప్పుడే కదా మొదలయ్యేది."

వెనక్కి తిరిగి చూశాను.

టీవీలు ఆరిపోయాయి. ముఖాలు ఆరిపోలేదు. గాజు లోపల, నల్లగా మాడి, ఆరుగురు. కరెంటు లేదు, వెలుగు లేదు, అయినా చూస్తున్నారు. ఆరో చోట మాత్రం ఖాళీ గాజు, తుడిచిన పలకలా.

"ఆరోవాడేడి?" అంది వదిన.

గ్లౌజులావిడే చెప్పింది, ట్యూబు మార్చామని.

"అయ్యో రామా. మార్చారా?" వదిన నావైపు తిరిగింది. "మీ అన్న బొమ్మని ఆడించింది గాజుని కాల్చడానికయ్యా. యూనియన్ ఆఫీసులో ఏళ్ళ తరబడి పొద్దస్తమానం నడిపించింది అందుకే. సాయంత్రం వాచ్‌మన్ స్విచ్ కట్టేస్తే అందరూ చుట్టూ మూగేవాళ్ళు, ఇవాళ ఎవడెంత నల్లబడ్డాడో చూద్దామని. పందేలు కూడా కాసేవాళ్ళు. నీకు తెలీదా?"

"నేను... మీటింగ్ అవగానే..."

"అవునులే. వచ్చిన వక్తల్ని తీసుకుని టీకి పోయేవాడివి. ఒక్కనాడు చివరిదాకా ఉన్నావా?" సంచీ భుజానికి తగిలించుకుంది. "పుస్తకం మాత్రం రాశావు. లావుపాటిది."

మాడిన ట్యూబు ఎక్కడుందని గ్లౌజులావిడ అడిగింది. పిన్ని ఇంట్లో అన్నాను. వదిన ముఖంలో రంగు మారింది. "ఆవిడ ఇంట్లో పెట్టావా? ఆయన్ని?" అంది.

అంటే వదినకు తెలుసు. అందరికీ తెలుసు కాబోలు.

ఫిబ్రవరి 26

తెల్లవారగానే వ్యాను తీసుకుని వెళ్ళాను. పిన్ని టీవీని మాత్రం నేను తీసుకెళ్ళలేదు. ముందు మాడిన ట్యూబు చేతికి రావాలి, తర్వాత ఆవిడది పంపొచ్చు. వరస ముఖ్యం.

పిన్ని వాకిట్లో నల్లా దగ్గర చిన్న పీట మీద కూర్చుని ఉంది. ముందు టీవీలోంచి ఊడదీసిన గాజు బుడగ, ఆ ట్యూబే. మెడ విరిచేసి ఉంది. లోపలికి నీళ్ళు పోసి సీసాలు తోమే బ్రష్షుతో తోముతోంది. తూము దాకా బూడిదరంగు నీళ్ళు.

"పిన్నీ!"

"అరవకు. పని అయిపోవచ్చింది."

"ఏం చేశావు? అది ఏమిటో తెలుసా నీకు?"

"నాకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? నేను కడుగుడు సెక్షన్ కదరా. పూత చెడిపోయిన ట్యూబులు మా దగ్గరికే వచ్చేవి. మెడ మొన తుంచితే గాలి లోపలికి పోద్ది, సన్నగా ఈల వేసినట్టు. తర్వాత మెడ కొట్టెయ్యడం, కడగడం. గాజు మళ్ళీ కొత్తది." దగ్గింది. ఆ దగ్గు లోపలెక్కడో మొదలై చాలాసేపటికి గానీ బయటికి రాలేదు. "ఎన్ని వేలు కడిగానో. ఇదొక్కటే ఇష్టంగా కడిగింది."

"అది కళ పిన్నీ! చరిత్ర! ఆరుగురు కార్మికుల పక్కన..."

"కార్మికులా? మీ అన్న ఏడుగురినీ పొయ్యిల దగ్గరే ఏరుకున్నాడు. అందరూ మీసాలవాళ్ళే. కడుగుడు సెక్షన్ గుమ్మం తొక్కాడా? అక్కడ అందరం ఆడవాళ్ళం. మమ్మల్ని ఎవడు తీశాడు? మేం ఏ టీవీలో ఉన్నాం?"

బుడగ ఎత్తి ఎండకు పట్టింది. వంకర మోచెయ్యి సరిగ్గా లేవలేదు, అయినా పట్టింది. ఒక్క మచ్చ లేదు.

"నా పని అయింది" అంది. "ఇంక నా టీవీ పంపు."

ఏం అన్నానో అంతా రాయను. ప్రజల ఆస్తిని నాశనం చేసినవాళ్ళకు అడిగే హక్కు లేదన్నాను. అన్నాను. ఇందులో తప్పేముంది?

పిన్ని బ్రష్షు కడిగి గోడకు ఆనించింది. "మీ బాబాయ్ దగ్గరే నేర్చుకున్నావు" అంది, తిట్టినట్టు కాదు, వాతావరణం గురించి చెప్పినట్టు.

ఫిబ్రవరి 27

గ్లౌజులావిడ రెండు మాటలంది. పిన్ని టీవీ తిరిగి ఇచ్చేద్దాం, ఆరో చోట జరిగింది జరిగినట్టు వివరాల పలక మీద రాసిపెడదాం. మేం మార్చాం, అది పొరపాటు అని.

పొరపాటు అని గోడ మీద రాస్తే వాళ్ళకు కావలసింది అదే కదా! రేపు ప్రతి డైరెక్టరూ అంటాడు, చూశారా, పాత డబ్బాలతో ఇదే తంటా, ఫ్లాట్ స్క్రీన్లు పెడితే పోయేది అని. ఒక మనిషి సీరియల్ కోసం ఒక వాదాన్ని ఓడగొట్టుకోవాలా? కాదన్నాను. హక్కులు నావి, పలక నేనే రాస్తానన్నాను.

ఆవిడ గ్లౌజులు విప్పి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ చేతుల్ని మొదటిసారి చూశాను. మామూలు చేతులే.

రాయడానికి ఎంతోసేపు పట్టలేదు. మంచి వాక్యం వచ్చేటప్పుడు అలాగే వస్తుంది. ఇక్కడ కూడా ఎక్కించి ఉంచుతున్నాను.

"స్విచ్ ఆపాక ఆరు ముఖాలు గాజులో మిగులుతాయి. ఆరో గాజు మాత్రం ఖాళీగా ఉంటుంది. ఏ కెమెరా తియ్యని, ఏ చరిత్రా చూడని శ్రామిక స్త్రీ చోటు అది. కళాకారుడు దాన్ని కావాలనే ఖాళీగా ఉంచాడు."

అన్న చదివితే ఒప్పుకునేవాడు.

మార్చి 1

ప్రారంభోత్సవం. హాలు నిండిపోయింది. నేను బాగా మాట్లాడానని అందరూ అన్నారు. అసలు వస్తువును అసలు రూపంలో కాపాడుకోవడమే ప్రతిఘటన అన్న చోట చప్పట్లు ఆగలేదు. డైరెక్టర్ కూడా కొట్టాడు.

వదిన ఆలస్యంగా వచ్చింది, పిన్నిని చెయ్యి పట్టుకుని తీసుకుని. నేను పిలవలేదు. పిన్ని ఎవరినీ చూడకుండా తిన్నగా నడిచి వెళ్ళి ఆరో టీవీ ముందున్న బెంచీ మీద కూర్చుంది. ఎక్కడైనా గుర్తుపడుతుంది దాన్ని. అంచు మీద ఆవిడ మందుసీసా పెట్టుకునే చోట గుండ్రటి మరక ఉంది.

"నా టీవీలో కూడా ఈయనేనా" అంది పైకే. పక్కనున్న వాళ్ళెవరో నవ్వారు.

"ఎవరండీ ఆవిడ?" అడిగాడు డైరెక్టర్.

"ఎవరో" అన్నాను.

సాయంత్రమైంది. ముందే చెప్పి ఉంచినట్టు గార్డు స్విచ్ కట్టేశాడు. హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చింది. ఆరు ముఖాలు, మాడినవి, చూస్తున్నాయి. జనం కళ్ళు వరసగా జరుగుతూ ఆరో గాజు దగ్గరికి వచ్చి ఆగిపోయాయి.

అది ఖాళీగా లేదు.

నల్లటి శుభ్రమైన గాజులో, మిగతా ముఖాలంతే పెద్దగా, పిన్ని. ఎదురు బెంచీ మీద మోచెయ్యి పట్టుకుని కూర్చున్న మనిషి నీడ. రెప్ప వెయ్యకుండా చూస్తోంది. సీరియల్ ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తోంది కాబోలు. ముందు ఎవరో ఒక్కరు చప్పట్లు కొట్టారు, తర్వాత అందరూ. వదిన కొట్టలేదు. నన్ను చూస్తోంది.

జనం పలక చదవడం మొదలుపెట్టారు. పలకలో ఖాళీ అని ఉంది. చదివి గాజును చూస్తున్నారు, గాజును చూసి మళ్ళీ చదువుతున్నారు. ఒకావిడ నా వైపు తిరిగి, "ఖాళీ అన్నారు కదండీ?" అంది.

గార్డుకు సైగ చేశాను, పిన్నిని కాస్త పక్కకు జరపమని.

మర్యాదగానే జరిపాడు. రెక్క పట్టుకుని లేపాడు, ఎడమ రెక్క, పిన్ని "అమ్మా" అంది. అంతే.

తర్వాత ఆరో గాజు ఖాళీగానే ఉంది.